దేవదాసుకి ఏ మందు?

మన భాషలో 'మందు' అనే మాట తమాషా అయినది. జ్వరం వస్తే మింగేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే, పత్తి చేనుకి కొట్టేదీ మందే. ఇంగ్లీషువాడు మూడింటికీ మూడు పేర్లు పెట్టుకున్నాడు. మనవాళ్లు ఒక్క మాటతో సరిపెట్టింది పదాలు కరువై కాదు, ఏదో తెలిసే పెట్టారని నా అనుమానం. తాగేవాణ్ణి ఎందుకు తాగుతావని అడిగి చూడండి. సరదాకి అని చెప్పేవాడు కుర్రవాడై ఉంటాడు. పాతకాపులెవరూ ఆ మాట చెప్పరు. నిద్ర పట్టదంటారు. గుండె దడ అంటారు. పొద్దున్నే చేతులు వణుకుతాయి, ఒక చుక్క పడితే గానీ చొక్కా గుండీ పెట్టుకోలేనంటారు. వాళ్ల లెక్కలో అది మందే. రోగమేమిటో తెలియకుండా, మోతాదు తెలియకుండా, తమకి తామే ఇచ్చుకుంటున్న మందు.

భాషకి తెలిసిన ఈ సంగతి మన కథలకి మాత్రం తెలియలేదు. మన నవలలూ సినిమాలూ తాగుబోతుని ఒక బీరువాలో పెట్టాయి, మనసు చెదిరినవాణ్ణి ఇంకో బీరువాలో పెట్టాయి. ఈ బీరువా తాళం ఆ బీరువాకి పట్టదు. కథల్లో అలా ఉంటే మనకేం నష్టమమ్మా అంటారేమో. చాలా నష్టం. ఇంట్లో ఒక మనిషి తాగుడికి లోబడ్డప్పుడు మనం వైద్యశాస్త్రం తెరిచి చూడం. మనకి తెలిసిన కథనే తెరుస్తాం. ఆ కథలో ఏం చేశారో అదే చేస్తాం.

అందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడతాను. శరత్‌బాబు 'దేవదాసు' 1917లో అచ్చయింది. 1953లో వేదాంతం రాఘవయ్యగారి సినిమాతో ఆ బెంగాలీ కుర్రాడు పూర్తిగా మనవాడైపోయాడు. ఇప్పటికీ ఎవడైనా గడ్డం పెంచుకుని దిగులుగా కూర్చుంటే 'ఏమిట్రా దేవదాసూ' అంటాం. నాగేశ్వరరావుగారు ఆ తాగుడు సన్నివేశాల కోసం రాత్రిపూట పెరుగన్నం తిని, ఆ నిద్రమత్తుతోనే నటించానని చెప్పుకునేవారు. అంటే మూడు తరాల వాళ్లు చూసి మురిసిన మైకం నిజానికి పెరుగన్నం మైకమన్నమాట. అసలు మైకం అంత అందంగా ఉండదని ఆ ఇళ్లల్లో ఉన్న ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

దేవదాసుని ఒకసారి డాక్టరు కళ్లతో చదవండి. చిన్నప్పుడే బడి ఎగ్గొట్టి తోటలో దాక్కుని హుక్కా పీల్చే పిల్లాడు. ఇంట్లో దెబ్బలు తిని పెరిగినవాడు. కోపం వస్తే పార్వతి నుదుటి మీద కొట్టి మచ్చ పెట్టినవాడు. నిర్ణయం తీసుకోవలసిన రాత్రి తీసుకోలేక, తీరా తీసుకునేసరికి సమయం దాటిపోయినవాడు. ఆ తర్వాత ఒక స్నేహితుడు గ్లాసు చేతికిస్తాడు. మనం ఏమనుకుంటాం? పార్వతి దక్కలేదు గనక తాగాడు, దక్కి ఉంటే తాగేవాడు కాదు అని. అదే పెద్ద పొరపాటు. ఆ పిల్లాడి మనసులో తెగులు పార్వతి పెళ్లికి చాలా ముందే ఉంది. శరత్‌బాబు ఆ సంగతులన్నీ వరసగా రాసిపెట్టాడు. మనమే పాటలు వింటూ వాటిని దాటేశాం.

ఆ కథలో దేవదాసుకి నిజంగా వైద్యం చేసింది ఒక్క చంద్రముఖే. రోడ్డు మీద పడి ఉన్నవాణ్ణి వెతికి పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. వైద్యుణ్ణి పిలిపించింది, పథ్యం పెట్టింది, సీసా దగ్గరికి రానివ్వలేదు, పక్కన కూర్చుని అతని మాట వింది. ఒంటికీ మనసుకీ ఒకే చోట, ఒకే మనిషి చేతుల మీదుగా జరిగిన సేవ అది. అతను కోలుకున్నాడు కూడా. తర్వాత? గాలి మార్పని ఊళ్లు తిరగడానికి వెళ్లాడు. ఒళ్లు కుదుటపడింది గనక జబ్బు పోయిందనుకున్నారు. మళ్లీ తాగాడు, పార్వతి వాకిట్లో ప్రాణం విడిచాడు. నేను కథలో విషాదం అని పిలిచేది ఆ వాకిలిని కాదు. చంద్రముఖి ఇల్లు వదిలి వెళ్లిన రోజుని. దాని మీద మనకి ఒక్క పాట కూడా లేదు.

ఇక రెండో బీరువా. తెలుగులో మనస్తత్వ నవలకి కొదవ లేదు. గోపీచంద్‌గారి 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు ఉన్నాడు, బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది'లో దయానిధి ఉన్నాడు, రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి'లో సుబ్బయ్య ఉన్నాడు. ముగ్గురి మనసునీ విప్పి ఆరేసి చూపించారు. ముఖ్యంగా సుబ్బయ్య. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, బావమరిదంటే భయం. ఆ భయాన్ని చదువుతుంటే మన చేతికే చెమట పడుతుంది. అదే శాస్త్రిగారు తర్వాత 'ఆరు సారా కథలు' రాశారు. విశాఖపట్నంలో వకీలుగా నిషేధం కేసులు దగ్గర్నుంచి చూసినవారు. సారా కాసేవాడు, అమ్మేవాడు, పట్టుకునే పోలీసు, కోర్టు గుమ్మాలు, అన్నీ ఉన్నాయి అందులో. తెలుగులో సారా చుట్టూ ఉన్న అన్యాయాన్ని అంత బాగా రాసినవారు లేరు.

కానీ చూడండి, సుబ్బయ్య ఒక పుస్తకంలో ఉండిపోయాడు, సారా ఇంకో పుస్తకంలో ఉండిపోయింది. భయస్తుడైన సుబ్బయ్య సాయంత్రం ఆ పాకలోకి వెళ్లి ఒక గుక్క పోసుకుని, మొట్టమొదటిసారి నిటారుగా నిలబడి ఉంటే? ఆ మూడో పుస్తకం రాలేదు. అంతటి రచయితని తప్పుపట్టడానికి కాదు నేనంటున్నది. ఒకే చేతి నుంచి రెండూ వచ్చినా రెండూ కలవలేదంటే, ఆ గోడ ఎంత మందమైనదో చెప్పడానికే.

మూడో పుస్తకం రాకపోయినా, ఆ సుబ్బయ్య ఏడు దశాబ్దాల తర్వాత సినిమాలోకి వచ్చాడు. అదీ మా బొగ్గుగనుల ప్రాంతంలోకే. 2023లో వచ్చిన 'దసరా' మీలో చాలామంది చూసే ఉంటారు. సింగరేణి గనుల పక్కన వీర్లపల్లి అనే ఊరు. సిల్క్ స్మిత బొమ్మ గీసిన బారు ఆ ఊరికి గుండెకాయ. అందులో నాని వేసిన ధరణి అనే కుర్రాడు రైళ్ల మీంచి బొగ్గు దొంగిలిస్తాడు, గానీ లోపల పిరికివాడు. తాగితేనే ధైర్యం. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల ఒక్క ముక్కలో అసలు సంగతి పట్టుకున్నాడు. ఈ కుర్రాడికి మందు సరదా కాదు, భయానికి చికిత్స. ఆ ముక్క చూసి నేను కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. తర్వాత ఏం జరిగిందంటారా? స్నేహితుణ్ణి చంపారు, పగ రాజుకుంది, కత్తులు లేచాయి. కథకి కావలసింది ధరణి ధైర్యం గానీ, అతని భయం కాదు గదా. ఆ భయం ఎక్కడిది, అదేం చేస్తుంది అన్న ప్రశ్న రక్తంలో కొట్టుకుపోయింది.

మా బసంత్‌నగర్‌లో ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడు నలుగురం ఆడవాళ్లం కలిసి చూశాం. మా ఊరు తెలియనివాళ్లకి ఒక మాట. రామగుండం పక్కన, రాజీవ్ రహదారి మీద, 1969లో మొదలైన సిమెంటు ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు మాది. ఇటు సిమెంటు దుమ్ము, అటు గోదావరిఖని బొగ్గు దుమ్ము. ఇంటికొకరైనా ఫ్యాక్టరీలోనో, బాయిలోనో పనిచేసినవాళ్లుంటారు. ఇక్కడ గనిని బాయి అంటారు. ఆ ఇళ్లల్లో షిఫ్టుల్ని బట్టే వంట, నిద్ర, పూజ, పోట్లాట అన్నీ. ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో హాజరు మస్టర్లని బట్టి చెప్పేస్తారు. మస్టర్లు తగ్గుతున్నాయంటే ఆ ఇంట్లో ఏదో జరుగుతోందని అర్థం.

సినిమా అయిపోయాక మాలో ఒకావిడ లేవకుండా అలాగే కూర్చుంది. "మా తమ్ముడు గూడ గంతే అక్కా" అంది. "భయం పోవాలె అని తాగుతడు. తెల్లారితే ఇంకింత భయమైతది. దానికి మళ్ల తాగుతడు."

ఆ తమ్ముడు బాయిలో పనిచేసేవాడు. కొన్నేళ్ల కిందట అతని పక్కనున్న మనిషి మీద పైకప్పు బండ కూలింది. ఆ మనిషి పోయాడు, ఇతనికి గోరంత దెబ్బ తగల్లేదు. దెబ్బ తగల్లేదు గనక ఎవరూ ఏమీ అడగలేదు. అప్పటిదాకా పండక్కీ పబ్బానికీ తాగేవాడు కాస్తా, ఆ తర్వాత రాత్రి షిఫ్టుకి దిగే ముందు తాగడం మొదలుపెట్టాడు. తర్వాత దిగకుండానే తాగడం మొదలుపెట్టాడు. కళ్లు మూసుకుంటే బండ కనిపిస్తుందట. మగవాడు ఆ మాట బయటికి చెప్పుకుంటాడా? తాగాననైనా ఒప్పుకుంటాడు గానీ, భయపడ్డానని ఒప్పుకోడు.

ఇంట్లోవాళ్లు తాగుడు మాన్పించే సెంటరుకి తీసుకెళ్లారు. మూడు నెలలుంచారు. చుక్క ముట్టకుండా బయటికొచ్చాడు, కొబ్బరికాయలు కొట్టారు. అక్కడ ఉన్నన్నాళ్లూ తాగుడు మీద చాలా ఉపన్యాసాలు విన్నాడుగానీ, బండ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక నిద్ర లేదు. రెండు నెలలు ఓర్చుకున్నాడు. ఆ పైన మీకు తెలిసిందే. అప్పుడెవరో చెబితే ఈసారి మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయనకి వాసన తగిలింది. ముందు తాగుడు మానిపించి తీసుకురండి, తర్వాత చూద్దాం అన్నాడు.

ఆవిడ మాట యథాతథంగా రాస్తున్నాను. "ఈడికి పోతే ఆడికి పొమ్మంటరు, ఆడికి పోతే ఈడికి పొమ్మంటరు. మనిషి ఒక్కడే గద అక్కా?"

నేను చదివిన విమర్శ పుస్తకాల్లో ఇంత సూటి వాక్యం లేదు. మన కథల్లోని రెండు బీరువాలే బయట రెండు తలుపులయ్యాయి. ఒక తలుపు దగ్గర కూర్చున్నవాడికి దేవదాసు కథ తెలుసు: మనసు బాగుపడితే తాగుడు దానంతటదే పోతుంది. రెండో తలుపు దగ్గరవాడికి నీతికథ తెలుసు: తాగుడు మానితే అన్నీ వాటంతటవే బాగుపడతాయి. రెండూ సగం సగం నిజాలే. సగం నిజంతో వచ్చిన చిక్కేమిటంటే, అది రెండు నెలలపాటు పూర్తి నిజంలాగే కనిపిస్తుంది.

అసలు సంగతేమిటని కొంత చదివాను, తెలిసినవాళ్లని అడిగాను. అమెరికాలో ఖాంట్జియన్ అనే మానసిక వైద్యుడు 1985లో ఒక వ్యాసం రాశాడు. మత్తుకి అలవాటుపడేవాళ్లు చాలామంది తమ బాధకి తామే వైద్యం చేసుకుంటున్నారని దాని సారాంశం. మన 'మందు' అనే మాటలో ఉన్నదే ఆయన కొంచెం పొడుగ్గా చెప్పాడన్నమాట. అయితే కథ అక్కడితో ఆగదు. రోజూ తాగే మద్యమే దిగులుని పుట్టిస్తుంది, నిద్రని ముక్కలు చేస్తుంది, గాబరా పెంచుతుంది. ఏ బాధకని మొదలుపెట్టాడో ఆ బాధనే వడ్డీతో సహా తెచ్చిపెడుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది చాలాసార్లు మానిన కొన్ని వారాల తర్వాత గానీ వైద్యుడికైనా తేలదు. కొందరికి తాగుడు ఆగిన మూడు నాలుగు వారాల్లో దిగులు దానంతటది విడిపోతుంది. కొందరికి అప్పుడే అసలు దిగులు బయటపడుతుంది. అందుకే రెంటినీ ఒకే వైద్యబృందం, ఒకే చోట, మొదటినుంచీ కనిపెట్టి చూడాలంటారు. 1980ల నుంచి అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో డ్రేక్ అనే వైద్యుడూ ఆయన తోటివాళ్లూ పట్టుబట్టి చెప్పింది ఇదే. రోగిని అటూ ఇటూ తిప్పకండి, మీరే కలవండి అని. మన బెంగుళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాల విభాగం మానసిక వైద్యసంస్థ ఆవరణలోనే ఉంది. ఆ ఆవరణలో తలుపులు రెండున్నా ప్రహరీ గోడ ఒకటే.

ఈ సంబంధం ఎంత దగ్గరిదో మన తెలంగాణ కల్లే చెబుతుంది. చెట్టు కల్లు చాలక, పొడి కలిపిన కల్లు అమ్మడం ఇక్కడ పాత జాడ్యం. ఆ పొడి ఏమిటనుకున్నారు? డయాజెపాం, ఆల్‌ప్రజోలాం, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ గాబరా జబ్బుకి డాక్టర్లు చీటీ మీద రాసిచ్చే మాత్రలు. మూడోది నిద్రమందు. అంటే పొద్దంతా కూలి చేసి సీసా కల్లు తాగే మనిషి, తనకి తెలియకుండానే, చీటీ లేకుండా, కొలత లేకుండా మానసిక వైద్యం మందు తాగుతున్నాడు! 2015 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ కల్తీని గట్టిగా పట్టుకుంది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఊళ్లకి ఊళ్లు ఫిట్సు, పొంతనలేని మాటలు, ఎవరో పిలుస్తున్నట్టు వినపడటం లాంటి లక్షణాలతో ఆస్పత్రులకి వచ్చాయి. కొందరు చనిపోయారు కూడా. అందులో ఆడవాళ్లూ ఉన్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దగ్గర మళ్లీ అదే దృశ్యం. మందు ఆగిపోయినవాళ్లు మనసు ఆస్పత్రి గుమ్మంలో బారులు కట్టారు. రెండు తలుపులూ ఒకే ఇంటివని ఇంతకంటే బాహాటంగా ఎవరు చెప్పగలరు?

ఇక్కడొక మాట చెప్పి తీరాలి. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మానిపించేద్దామని చూసే తల్లులూ భార్యలూ ఉన్నారు. రోజూ బాగా తాగేవాడికి ఉన్నట్టుండి ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో ఫిట్సు రావచ్చు. రెండు మూడు రోజులకి మతిభ్రమ, కలవరింత, ఒళ్లంతా వణుకు. ప్రాణం మీదికి రావచ్చు. అది మొండితనమూ కాదు, నటనా కాదు, గాలి సోకడమూ కాదు. మాన్పించడం కూడా ఆస్పత్రి పనే. మందులు క్రమంగా తగ్గిస్తూ, బి1 విటమిను ఇస్తూ చెయ్యవలసిన పని.

కథకి అంత బలముందా అని ఇంకా సందేహమున్నవాళ్లకి దూబగుంట జ్ఞాపకం చేస్తాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఒక వాచకంలోని 'సీతమ్మ కథ' అక్కడి ఆడవాళ్లని కదిలించింది. 1992 నాటికి సారా దుకాణాలు మూయించారు, రాష్ట్రమంతా కదిలింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో అది పోయింది. ఆ తల్లుల పోరాటాన్ని నేను తక్కువ చెయ్యను. కూలి డబ్బులు సారా కాంట్రాక్టరు జేబులోకి పోకుండా ఆపడం న్యాయమైన పని. కానీ ఆ పెద్ద కథలో దుకాణం మూతపడిన మర్నాడు ఇంట్లో మంచం మీద వణుకుతూ పడుకున్న మనిషికి ఒక్క పేరా కూడా దక్కలేదు. మూతపడేది దుకాణమే గానీ దాహం కాదు.

చట్టం మాత్రం ఈ విషయంలో కథకులకంటే ముందుంది, చిత్రం! 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి అంటే ఏమిటో చెబుతూ, మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితుల్ని కూడా అందులోనే చేర్చింది. కాగితం మీద గోడ కూలిపోయింది. బీమా పాలసీ పుస్తకం తిప్పండి, గోడ మళ్లీ లేచి నిలబడుతుంది. మానసిక వ్యాధికి డబ్బిస్తారట, తాగుడు చికిత్సకి ఇవ్వరని చాలా పాలసీల మినహాయింపుల్లో ఉంటుంది. ఇంకో విడ్డూరం చూడండి. మనసు బాగోలేకపోతే ఉచితంగా ఫోను చేసి మాట్లాడడానికి టెలీ మానస్ నంబరు 14416, ఆరోగ్యశాఖది, 2022 అక్టోబరులో మొదలైంది. మత్తు మానాలంటే చెయ్యవలసిన నంబరు 14446. అది సామాజిక న్యాయశాఖది. ఒక్క అంకె తేడా, మధ్యలో ఒక మంత్రిత్వశాఖ! ఏ అంకె తన తమ్ముడిదో ఆ అక్క ఎలా తేల్చుకోవాలి? రెండూ వంటింటి క్యాలెండరు మీద రాసుకోమన్నాను. ఏది ముందు పలికితే అది.

మళ్లీ సినిమాలకి వస్తాను. 'అర్జున్ రెడ్డి' గురించి ఎక్కువ రాయాలనిపించదు. 2017లో వచ్చినప్పుడు కుర్రకారంతా ఊగిపోయారు. కథానాయకుడు స్వయానా డాక్టరు. తాగి ఆపరేషన్లు చేస్తాడు, పట్టుబడతాడు, లైసెన్సు పోతుంది. చుట్టూ డాక్టర్ల లోకం. అయినా అతనికి వైద్యం అన్నది మచ్చుకైనా కనిపించదు. నాయనమ్మ పోగానే మారతాడు, ప్రేయసి దొరకగానే బాగుపడతాడు. పిల్ల దొరికితే జబ్బు నయం! దేవదాసులో పిల్ల దక్కక చచ్చాడు, ఇక్కడ పిల్ల దక్కి బతికాడు. నూరేళ్లలో మన వైద్యజ్ఞానం పెరిగింది ఇంతే. ఈ రకం కథలు చూసే, పెళ్లి చేస్తే బాగుపడతాడని ఎవరి కూతురినో తెచ్చి ముడిపెడతారు. మా బంధువుల్లోనే రెండు పెళ్లిళ్లు చూశాను. ఆ అమ్మాయిలు భార్యలుగా వెళ్లలేదు, ప్రిస్క్రిప్షన్లుగా వెళ్లారు.

మన వారపత్రికల సీరియళ్లూ ఏమీ తక్కువ తినలేదు. వాటిలో తాగుబోతు భర్తని మార్చేది భార్య ఓర్పు. ఎంత ఓర్చుకుంటే అంత త్వరగా మారతాడు. ఇరవై వారాలకి కన్నీళ్లు, ఇరవై ఒకటో వారంలో సీసా పగలగొట్టడం. మరి నిజజీవితంలో మారనివాడి భార్య ఏమనుకోవాలి? తన ఓర్పు చాలలేదనుకోవాలా? అలా అనుకుంటూ కుంగిపోయినవాళ్లని ఈ కాలనీలోనే వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఆడమనిషే తాగితే? ఇక్కడ మన కథలు తడబడిపోతాయి. దేవదాసు కోసం తెర మీద ఏడ్చిన పార్వతి సావిత్రిగారు. ఆవిడ 1981 డిసెంబరులో, పంతొమ్మిది నెలలు కోమాలో ఉండి వెళ్లిపోయారు. 2018లో నాగ్ అశ్విన్ తీసిన 'మహానటి'లో ఆవిడగా వేసిన కీర్తి సురేషే 'దసరా'లో వెన్నెల. ఆ సినిమాలో భర్త వేరే సంబంధం, అప్పులు, నమ్మినవాళ్లు ముంచడం, ఒంటరితనం, మద్యం, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నేను మళ్లీ మళ్లీ చూసిన సినిమా అది. ఒక నటి తాగుడుని కిందిచూపు చూడకుండా, నీతి చెప్పకుండా తీశారు. అది చిన్న విషయం కాదు. కానీ అందులోనూ మనకి మిగిలేది ఆవిడ ఔన్నత్యం, ఆవిడ త్యాగం. లోపల దిగులు ఒక జబ్బుగా, తాగుడు దానితో పెనవేసుకున్న మరో జబ్బుగా కనిపించవు. మగవాడికి దేవదాసు అనే బిరుదిచ్చాం. తాగిన ఆడదానికి మన భాషలో బిరుదు లేదు, ఉన్నవి ఇక్కడ రాయలేను. అందుకే ఆవిడ డాక్టరు దాకా రాదు. మగవాడికి రెండు తలుపులున్నాయి, ఆవిడకి ఒక్కటీ లేదు.

చంద్రముఖి చేసిన పనిని నిజజీవితంలో చేసిన ఆవిడ ఒకరున్నారు. మద్రాసులో శాంతి రంగనాథన్‌గారు. తాగుడు వల్ల భర్తని పోగొట్టుకున్న ఆవిడ, 1980లో ఆయన పేరు మీదే వ్యసన చికిత్సా సంస్థ పెట్టారు. అందరూ టీటీకే ఆస్పత్రి అంటారు. అక్కడ తాగేవాడితోపాటు అతని కుటుంబానికీ విడిగా చికిత్సలో చోటుంది. భార్యని కూర్చోబెట్టి, నీకెలా ఉందమ్మా అని అడగడం కూడా వైద్యమేనని తేల్చిన చోటు. విధవ అయిన స్త్రీ ఏడుస్తూ కూర్చోకుండా ఇంత పని చేసిందంటే, మన నవలాకారులు ఎగబడి రాయవలసిన కథ. ఎవరూ రాయలేదు గానీ, ఎన్ని దేవదాసులు తీశారో లెక్కే లేదు.

ఇంతకీ మా పక్కింటావిడ తమ్ముడి సంగతి. చివరికి ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసిందట. ఒకే కుర్చీలో కూర్చోబెట్టి రోజుకి ఎంత తాగుతావని అడిగింది. ఆ వెంటనే, బండ పడ్డ రోజు నువ్వెక్కడ నిలబడ్డావని అడిగింది. అతను గంటసేపు మాట్లాడాడు. అక్క బయట బెంచీ మీద కూర్చుని ఆ గొంతు వింది. ఆ తర్వాత ఏడాదిలో రెండుసార్లు మళ్లీ తాగాడు. రెండుసార్లూ అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ వెళ్లగొట్టలేదు, చీవాట్లు పెట్టలేదు. ఏం జరిగిందని అడిగి, మాత్రలు మార్చి, మళ్లీ రమ్మంది. ఇప్పుడు గని లోపలికి కాదు, పైన పనికి వెళుతున్నాడు. నిద్రపోతున్నాడు. బాగయ్యాడా అంటే, అక్క 'అవుతున్నడు' అంటుంది.

రచయితలకి ఇదెందుకు గిట్టదో నాకు తెలుసు. మనకి శిఖరం కావాలి, మలుపు కావాలి. సీసా పగలాలి, లేదా ప్రాణం పోవాలి. ఈ వైద్యంలో శిఖరం లేదు. మంగళవారం ఆస్పత్రి, వచ్చే మంగళవారం ఆస్పత్రి. జారిపడడం, లేవడం, మళ్లీ జారడం. చీటీలు, బస్సు టిక్కెట్లు, టిఫిన్ డబ్బా, బెంచీ మీద నిరీక్షణ. జారిపడడాన్ని మన కథల్లో పతనం అంటారు, అక్కడితో శుభం కార్డు పడుతుంది. ఆ డాక్టరమ్మ రిజిస్టరులో మాత్రం అది మరో తారీఖు.

అయినా అసాధ్యమని నేననుకోను. బియ్యంలో రాళ్లేరుతూ నలభై వారాల సీరియళ్లు చదివినవాళ్లం మనం. కోడలు కాఫీ ఇచ్చిందా లేదా అన్న దాని మీద ఆరు వారాలు నడిపిన రచయిత్రులున్న భాష మనది. నేనిప్పుడు మొదలుపెట్టిన నవల్లో ఒక బాయి కార్మికుడున్నాడు. ఇరవయ్యో వారంలో అతను మళ్లీ తాగి వస్తాడు. ఇరవై ఒకటో వారంలో భార్య సీసా పగలగొట్టదు. చీర మార్చుకుని, చీటీ సంచిలో పెట్టుకుని, పొద్దున్నే గోదావరిఖని బస్సుకి అతనితో కలిసి బయల్దేరుతుంది. ఎడిటరుగారు ఆ వారం సంచిక ఆఖరి వాక్యం కింద 'సశేషం' అని వేస్తారో, ఇదేం ముగింపు అని ఉత్తరం రాస్తారో చూడాలి.